ఇంటి దగ్గరి చెరువు, పార్కులతో శనాదివారాలు బాగా గడపడం ఎలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

శనివారంకోసం — ఆదివారం, రాత్రి 10:15

నమస్తే అండీ. ఇవాళ జరిగింది చెప్పి మీ సలహా అడుగుదామని రాస్తున్నాను. ఇంట్లో నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల అబ్బాయి, నాలుగేళ్ల పాప, మా అత్తగారు. వారమంతా ఆఫీసు, స్కూలు. ఒక్క రోజైనా పిల్లల్ని చెట్టూ నీళ్లూ ఉన్న చోటికి తీసుకెళ్లాలని నాకు చాలా పట్టుదల.

అందరూ ఫొటోలు పెడుతున్న ఒక పెద్ద పార్కుకి వెళ్లాం. రెండున్నర గంటల ప్రయాణం. ఇంట్లో బయల్దేరేసరికే తొమ్మిది అయింది, చేరేసరికి పదకొండున్నర. కారు పెట్టడానికి చోటు వెతకడంలో ఇంకో ఇరవై నిమిషాలు. ఎండ నెత్తి మీదికి వచ్చేసింది. గేటు నుంచి నీళ్ల దాకా ఒకటిన్నర కిలోమీటరు నడవాలని ముందు తెలియదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, సగం దారిలో ఒక చెట్టు కింద కూర్చుండిపోయారు. "మీరు వెళ్లి రండమ్మా, నేను సంచులు చూసుకుంటాను" అన్నారు. పాప ఎత్తుకోమని ఒకటే ఏడుపు. నీళ్ల దగ్గర మేం గడిపింది నలభై నిమిషాలు, కారులో కూర్చున్నది ఐదు గంటలు.

తిరిగొస్తుంటే మా అబ్బాయి అడిగాడు: "అమ్మా, మన ఇంటి దగ్గరే చెరువుంది కదా, అక్కడికెందుకు వెళ్లం?" ఆ చెరువు మాకు ఇరవై నిమిషాల దూరం. ఆరేళ్లుగా దాని పక్క రోడ్డు మీదే తిరుగుతున్నాం, ఒక్కసారి దిగి చూడలేదు. వాడికి ఏం చెప్పాలో తెలియలేదు.

మీలో చాలామంది ప్రతి వారం ఇలా వెళ్తుంటారని చదివాను. ఎంత దూరం పెట్టుకుంటారు? ఎన్నింటికి బయల్దేరతారు? దగ్గరి చెరువు దగ్గర పిల్లలు గంట కన్నా ఎక్కువ సేపు ఉంటారా? నీళ్లంటే నాకు కొంచెం భయం కూడా ఉంది.

---

బాటసారి — ఆదివారం, రాత్రి 10:52

నేను మీ అబ్బాయి వైపు అండీ.

మా ఇంట్లో ఒక లెక్క పెట్టుకున్నాం. రానూపోనూ ప్రయాణం, అక్కడ ఉండే సమయంలో సగం దాటకూడదు. నాలుగు గంటలు ఉండగలం అనుకుంటే ప్రయాణం మొత్తం రెండు గంటలే, అంటే ఒక వైపు గంట. ఐదేళ్లలోపు పిల్లలుంటే ఒక వైపు అరగంటే, ఎందుకంటే వాళ్లు ఒక చోట హాయిగా ఉండేది రెండు గంటలే. మీరు ఇవాళ వెళ్లిన చోటు బాగోలేదని కాదు. ఆ దూరానికి ఒక రాత్రి అక్కడ ఉండేలా వెళ్లాలి.

టైము విషయానికొస్తే, సూర్యుడు వచ్చిన అరగంటకల్లా మేం నీటి పక్కన ఉంటాం. నేల ఇంకా వేడెక్కదు కాబట్టి గాలి కూడా తక్కువగా ఉంటుంది, నీళ్లు అద్దంలా ఉంటాయి, అవతలి గట్టు మీది చెట్లు తలకిందులుగా కనిపిస్తాయి. పదకొండు దాటాక అదే చెరువుకి వెళ్తే అలలూ మిరుమిట్లూ తప్ప ఏమీ ఉండదు. పక్షులు కూడా పొద్దున్నే చురుగ్గా ఉంటాయి. ఎండ సంగతి తెలుసుకోవడానికి ఫోను కూడా అక్కర్లేదు. మీ నీడ మీ కన్నా పొట్టిగా ఉందంటే అతినీలలోహిత కిరణాలు బలంగా ఉన్నట్టు. అప్పుడు చెట్టు కిందకో ఇంటికో వెళ్లిపోవాలి. పిల్లలకి ఈ నీడ కొలిచే పని అప్పజెప్పండి, చాలా శ్రద్ధగా చేస్తారు.

---

తోటలోకాసేపు — ఆదివారం, రాత్రి 11:20

బాటసారి గారూ, చిన్నపిల్లలున్న ఇంట్లో సూర్యోదయానికి బయటపడటం అనుకున్నంత తేలిక కాదండీ. వారమంతా ఆరింటికే లేపుతాం, సెలవు రోజు కూడా లేపితే వాళ్లకి పార్కంటేనే విరక్తి పుడుతుంది. మేం మూడేళ్లుగా సాయంత్రాలే వెళ్తున్నాం. నాలుగున్నరకి బయల్దేరి చీకటి పడేదాకా ఉంటాం. ఎండ వాలుతుంటే ఆకులన్నీ బంగారు రంగులోకి మారతాయి, ఫొటోలు కూడా ఆ వెలుగులోనే బాగా వస్తాయి. పక్షులు గూళ్లకి చేరే సమయం కాబట్టి అప్పుడూ సందడే.

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. నీటి పక్కన పొద్దుగూకే వేళ దోమలు లేస్తాయి, పొడుగు చేతుల చొక్కాలు వేయాలి. గేటు ఎన్నింటికి మూస్తారో ముందే కనుక్కోవాలి.

---

బాటసారి — ఆదివారం, రాత్రి 11:31

ఒప్పుకుంటాను. మా పిల్లలు పెద్దవాళ్లు, ఆ కష్టం మర్చిపోయాను. అయితే పొద్దునైనా సాయంత్రమైనా సరే, మధ్యాహ్నం మాత్రం వద్దు.

---

నిదానం — సోమవారం, ఉదయం 6:40

శనివారంకోసం గారూ, మీ పోస్టులో నన్ను బాధపెట్టింది మీ అత్తగారి మాట. మా నాన్నగారు కూడా సరిగ్గా ఇలాగే అనేవారు. రెండేళ్ల పాటు ఎక్కడికి వెళ్లినా ఆయన సంచుల దగ్గరే. మేం తిరిగొచ్చి ఫొటోలు చూపిస్తే నవ్వేవారు. తర్వాత "మీరు వెళ్లండిరా, నాకు ఇంట్లోనే బాగుంటుంది" అనడం మొదలుపెట్టారు. అప్పటికి గానీ మాకు అర్థం కాలేదు.

ఇప్పుడు ఏ చోటికైనా ముందు నేను ఒక్కణ్ణే వెళ్లి చూసి వస్తాను. దగ్గరి చోటు అయితే ఇది కుదురుతుంది, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు పావుగంట దిగితే చాలు. నేను చూసేవి ఇవి. గేటు నుంచి మొదటి బెంచీ ఎంత దూరం, అక్కడి నుంచి రెండోది ఎంత దూరం. బెంచీకి వెనక ఆనుకునే చెక్క, పక్కన చేతులు ఉన్నాయా. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి కూర్చోవడం కష్టం కాదు, లేవడం కష్టం, చేతులు లేని బెంచీ మీద నుంచి లేవలేరు. దారి గట్టిగా ఉందా, కంకరా. మరుగుదొడ్డి ఎక్కడ, లోపల మెట్లున్నాయా. ఇంకొకటి, ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్ల మీద ఎక్కువ భారం వేస్తుంది. గట్టు ఎక్కారు కదా, దిగడం ఎంతసేపు అనుకుని చాలామంది పొరబడతారు. దిగేటప్పుడు చేతికర్ర ఉంటే ఆ భారం కొంత చేతుల మీదికి పోతుంది.

చెరువు చుట్టూ తిరిగొచ్చే దారి చూడ్డానికి బాగుంటుంది. కానీ సగం వెళ్లాక అలసిపోతే ముందుకైనా వెనక్కైనా అంతే దూరం నడవాలి. వెళ్లిన దారినే తిరిగొచ్చే పద్ధతి అయితే ఎక్కడ చాలనిపిస్తే అక్కడ వెనక్కి తిరగొచ్చు.

అన్నింటికన్నా ముఖ్యం, నీళ్లు కనిపించే బెంచీ వెతకండి. మీరంతా ఆవిడ కళ్లముందే ఉండాలి. అప్పుడు ఆవిడ కాపలా ఉన్నట్టు ఉండదు, మీతో వచ్చినట్టు ఉంటుంది.

---

శనివారంకోసం — సోమవారం, ఉదయం 8:05

నిదానం గారూ, మీది చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంట్లోనే బాగుంటుంది" అనే మాట మా ఇంట్లో ఇంకా రాలేదు. రాకూడదు. రేపు సాయంత్రం ఒక్కదాన్నే వెళ్లి బెంచీలు చూసొస్తాను.

---

నీటిపిట్ట — సోమవారం, మధ్యాహ్నం 1:12

పిల్లలు గంట ఉంటారా అని అడిగారు. చూడ్డానికి ఒక పని ఉంటే రెండు గంటలు ఉంటారు. నేను పన్నెండేళ్లుగా ఒకే చెరువుకి వెళ్తున్నాను, అక్కడికి వచ్చే పిల్లల్ని కూడా గమనిస్తుంటాను.

బుడుబుంగతో మొదలుపెట్టండి. చిన్న గుండ్రటి పక్షి, చూస్తుండగానే బుడుంగున మునిగిపోతుంది. మునగగానే పిల్లలు అంకెలు లెక్కపెట్టాలి, ఎక్కడ తేలుతుందో వేలు చూపించాలి. మా పక్కింటి ఆరేళ్ల పాప ఈ ఆట మీద నలభై నిమిషాలు కదల్లేదు. గూడు కట్టే కాలంలో వెళ్తే తల్లి వీపు మీద ఎక్కి తిరిగే పిల్లలు కూడా కనిపించొచ్చు.

తర్వాత నీటికాకి. చేపల కోసం మునిగి వచ్చి కొమ్మ మీద రెక్కలు బార్లా చాపి కూర్చుంటుంది. బాతు ఈకలు నీళ్లని దులిపేస్తాయి, నీటికాకి పై ఈకలు తడిసిపోతాయి. తడిస్తే బరువెక్కి మునగడం తేలికవుతుంది, కానీ బయటికొచ్చాక ఆరబెట్టుకోవాలి. బట్టలు ఆరేసినట్టు ఎందుకు నిలబడిందో మీ అబ్బాయినే కనిపెట్టమనండి, వెంటనే చెప్పేయకండి.

బైనాక్యులర్ కొనాలనుకుంటే మీద రాసే రెండు అంకెల్లో మొదటిది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. తొమ్మిదేళ్ల అబ్బాయికి 8 రెట్లు చాలు. 10 దాటితే చెయ్యి వణికినప్పుడల్లా బొమ్మ కూడా వణుకుతుంది, పిల్లలు విసిగిపోతారు. నాలుగేళ్ల పాపకి అట్ట గొట్టం ఇవ్వండి. అది దేన్నీ పెద్దగా చూపించదు గానీ చూపుని ఒక చోట నిలుపుతుంది, ఆ వయసుకి కావలసింది అదే.

---

పాతసైకిల్ — సోమవారం, మధ్యాహ్నం 2:30

నీటిపిట్ట గారూ, పక్షి కూత వినిపిస్తే పేరు చెప్పే మెర్లిన్ యాప్ పిల్లల చేతికి ఇవ్వొచ్చంటారా? బయటికి తీసుకెళ్లేదే ఫోను నుంచి దూరంగా ఉంచడానికి, మళ్లీ అక్కడ కూడా ఫోనా అని మా ఆవిడ అంటుంది.

---

నీటిపిట్ట — సోమవారం, మధ్యాహ్నం 3:02

ఫోను మీ జేబులోనే ఉంచండి. ముందు పక్షిని చూడాలి, రంగు, ముక్కు, తోక ఎలా ఉన్నాయో నోటితో చెప్పుకోవాలి, ఆ తర్వాతే యాప్ తెరవాలి. ముందుగా యాప్ తెరిస్తే పేరు దొరుకుతుంది, పక్షి దొరకదు. ఇంట్లో ఉండగానే మీ ప్రాంతపు పక్షుల ప్యాక్ దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. చూసినవి రాసుకోవడానికి ఈబర్డ్ అనే వెబ్‌సైట్ ఉంది, 2002 నుంచి నడుస్తోంది, మామూలు మనుషులు రాసిన లెక్కలనే శాస్త్రవేత్తలు వాడుకుంటున్నారు. మీ పిల్లాడు లెక్కపెట్టిన బుడుబుంగలు కూడా అందులో చేరతాయి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. యాప్‌లోని కూతని గట్టిగా వినిపించి పక్షిని పిలవొద్దు. వేరే పక్షి తన చోటులోకి వచ్చిందనుకుని అది గూడు వదిలి కంగారుగా వస్తుంది.

---

గట్టుమీద — సోమవారం, రాత్రి 9:18

నీళ్లంటే భయం అన్నారు కదా, దాని గురించి రాయాలి. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. నేను పద్నాలుగేళ్లుగా పిల్లలకి ఈత నేర్పుతున్నాను.

మునిగిపోతున్న మనిషి చేతులూపి అరుస్తాడని మనకొక ఊహ ఉంది. నేను కళ్లారా చూసింది వేరు. ఒకసారి మా బంధువులంతా చెరువు గట్టున కూర్చున్నాం, పెద్దవాళ్లం ఎనిమిది మందిమి. మోకాళ్ల లోతులో ఆడుకుంటున్న ఐదేళ్ల పిల్లవాడు ఒక్క అడుగు పక్కకి వేశాడు, అక్కడ గుంట. కేక లేదు, నీళ్లు చిందలేదు. తల వెనక్కి వాలింది, నోరు నీటి అంచుకి వచ్చింది, అంతే. ఊపిరి కోసమే ఒళ్లంతా కష్టపడుతుంటే అరవడానికి గాలెక్కడిది? నేను అటే చూస్తున్నాను కాబట్టి లాగగలిగాను. పక్కన కబుర్లు చెప్పుకుంటున్న వాళ్లకి వాణ్ణి ఒడ్డుకి తెచ్చాక గానీ తెలియలేదు.

2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలు. మిమ్మల్ని వెళ్లొద్దనడానికి కాదు ఈ లెక్క, ఎలా వెళ్లాలో చెప్పడానికి.

నీటి అంచున నాలుగేళ్ల పాప మీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. కంటికి కనిపించేంత దూరం సరిపోదు. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. పేరు పెట్టి చెప్పండి, ఈ ఇరవై నిమిషాలు నీ వంతు, తర్వాత నాది అని. వంతులో ఉన్నవాళ్లు ఫోను తీయకూడదు. చెరువు అడుగు స్విమ్మింగ్ పూల్ లాంటిది కాదు, బురద ఉంటుంది, ఉన్నట్టుండి లోతు వస్తుంది. జలాశయాల దగ్గర గట్టు ఇంకా నిటారుగా ఉంటుంది, గేట్లు తీస్తే ప్రవాహం మారిపోతుంది. దిగొద్దని బోర్డు ఉన్న చోట దిగకండి. నీళ్లు బాగా చల్లగా ఉంటే ఈత వచ్చినవాళ్లకి కూడా మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది.

ఎవరైనా పడితే వెంటనే దూకకండి. కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేల మీద బోర్లా పడుకుని కర్రో, తువ్వాలో అందించండి. అందకపోతే తాడో, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో విసరండి. సాయం కోసం కేకేయండి. మా కారు డిక్కీలో ఎప్పుడూ పది మీటర్ల తాడు ఉంటుంది.

---

తోటలోకాసేపు — సోమవారం, రాత్రి 9:44

చేతులకి వేసే గాలి బుడగలు ఉన్నాయి మా దగ్గర. పడవ ఎక్కేటప్పుడు అవి చాలవా అండీ?

---

గట్టుమీద — సోమవారం, రాత్రి 10:01

చాలవమ్మా. అవి బొమ్మలే. జారిపోతాయి, గాలి పోతుంది. పడవలో లైఫ్ జాకెట్టే, అదీ పిల్లల బరువుకి సరిపడే కొలత. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకి తొడిగి ఎక్కించే చోట ఎక్కకండి. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా లేస్తే వదులుగా ఉన్నట్టు, నీళ్లలో తల లోపల ఉండి జాకెట్ పైకి వచ్చేస్తుంది. పెద్దవాళ్లు కూడా వేసుకోవాలి. అమ్మానాన్న వేసుకోకపోతే పిల్లలు ఎందుకు వేసుకుంటారు?

---

శనివారంకోసం — మంగళవారం, రాత్రి 8:30

చెరువు చూసొచ్చాను! ఆరేళ్లలో మొదటిసారి కారు ఆపి గేటులోకి వెళ్లాను.

గేటు నుంచి దాదాపు వంద అడుగులు వేస్తే ఒక పెద్ద మర్రిచెట్టు, దాని కింద మూడు బెంచీలు. రెండింటికి చేతులున్నాయి. అక్కడి నుంచి నీళ్లు బాగా కనిపిస్తాయి. దారి సిమెంటుది. మరుగుదొడ్డికి రెండు మెట్లు ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉంది. బుడుబుంగలు నాకు నాలుగు కనిపించాయి, లేక ఒకటే నాలుగుసార్లు కనిపించిందో తెలియదు.

ఒక సందేహం. ఉత్తరం మూల నీళ్లు ముదురు పచ్చగా, పెయింటు ఒలకబోసినట్టు ఉన్నాయి. గాలి అటు వైపే వీస్తోంది. మిగతా చెరువంతా మామూలుగానే ఉంది. అది నాచేనా? పిల్లలు చేతులు పెట్టొచ్చా?

---

గట్టుమీద — మంగళవారం, రాత్రి 9:05

ఆ మూలకి వెళ్లనివ్వకండి. ఒక పొడుగు కర్ర ముంచి తీయండి. జుట్టులాగా పోగులు వేలాడితే మామూలు నాచు. కర్ర పెయింటులో ముంచినట్టు పచ్చగా పూతపడి వస్తే అది నీలి ఆకుపచ్చ శైవలం అయ్యే అవకాశం ఎక్కువ. నిజానికి అది మొక్క కాదు, సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవి. దానిలో కొన్ని రకాలు విషాన్ని వదులుతాయి. ఒంటికి తగిలితే దద్దుర్లు, మింగితే వాంతులు, కాలేయానికి కూడా హాని. కుక్కలు ఆ నీళ్లు తాగి చనిపోయిన సందర్భాలున్నాయి. నీళ్లు మరిగించినా ఆ విషం పోదు. పైన తేలే పొరని గాలి ఒక మూలకి నెడుతుంది, అందుకే మీకు అక్కడే కనిపించింది.

మురుగు, పొలాల ఎరువులు చెరువులో కలిస్తే నత్రజని, భాస్వరం పెరుగుతాయి, వెచ్చగా కదలకుండా ఉన్న నీళ్లలో ఇది విపరీతంగా పెరుగుతుంది. పార్కు చూసుకునే వాళ్లకి ఫొటో తీసి చూపించండి. గట్టు మీద కూర్చుని పక్షుల్ని చూడటానికి ఏ ఇబ్బందీ లేదు.

---

పాతసైకిల్ — మంగళవారం, రాత్రి 9:50

అందరూ దగ్గరి చోట్లే బాగుంటాయంటున్నారు. నేను కొంచెం వేరుగా చెబుతాను. ఏడాదికి రెండు మూడుసార్లు దూరం కూడా వెళ్లాలి. కొండ ఎక్కి చల్లబడుతున్న గాలిని ముఖం మీద తెలుసుకోవడం ఇంటి దగ్గర దొరకదు. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, పిల్లలకి పుస్తకంలో చదివినదాని కన్నా అక్కడ స్వెట్టర్ వేసుకున్నప్పుడు బాగా అర్థమవుతుంది.

కానీ నడక లెక్క సరిగా వేయాలి. నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు. 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అది గట్టివాళ్లకి. పిల్లలుంటే నేను రెట్టింపు వేస్తాను, నాలుగేళ్ల పాప ఉంటే మూడింతలు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాప్‌లో కాలిబాటలు బాగా ఉంటాయి, మ్యాప్ ముందే దించి పెట్టుకోండి.

---

నిదానం — బుధవారం, ఉదయం 6:25

దూరం వెళ్లొద్దని ఎవరూ అనలేదు పాతసైకిల్ గారూ. కాకపోతే ఏడాదికి యాభై రెండు వారాంతాలున్నాయి. మీరు చెప్పిన మూడూ తీసేస్తే మిగతా నలభై తొమ్మిది ఏం చేయాలన్నదే ఇక్కడ ప్రశ్న.

ఎక్కడో చదివి దాచుకున్న సంగతి ఒకటి చెబుతాను. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలు పరిశీలించారు. వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని చెప్పడం ఎక్కువగా కనిపించింది. ఒకేసారి గడిపినా, కొంచెం కొంచెంగా గడిపినా తేడా లేదు. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువ బయటికి వెళ్తారేమో అన్న అనుమానం అలాంటి లెక్కల్లో ఎప్పుడూ ఉంటుంది. అయినా రెండు గంటలంటే మీ చెరువుకి ఒక్కసారి వెళ్తే అయిపోతుంది.

అంతకన్నా నాకు నచ్చింది రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ప్రచురించినది. ఒకే రకం ఆపరేషన్ అయిన రోగులు, సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు ముందే ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ తీసుకున్నారు. మొత్తం 46 మందే, చిన్న లెక్క. కానీ బెంచీ మీద కూర్చుని చూడటం కూడా వెళ్లినట్టే అని మా నాన్నగారికి చెప్పడానికి నాకు ఉపయోగపడింది.

---

వానమబ్బు — బుధవారం, సాయంత్రం 5:15

ఇక్కడ ఎవరూ పిడుగుల ఊసెత్తలేదు, అందుకే రాస్తున్నాను. నీటి ఒడ్డు, ఖాళీ మైదానం, ఒంటరి చెట్టు, ఈ మూడూ ఉన్న చోటికే మనం వెళ్తాం, పిడుగుకి కూడా అవే ఇష్టం.

మెరుపు కనిపించగానే లెక్కపెట్టండి. ఉరుము మూడు సెకన్లకి దాదాపు ఒక కిలోమీటరు ప్రయాణిస్తుంది. ముప్పై లెక్కపెట్టేలోపు వినిపిస్తే పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు, వెంటనే లేవాలి. కారు అద్దాలు ఎక్కించి లోపల కూర్చుంటే క్షేమం. రబ్బరు టైర్ల వల్ల అనుకుంటారు, కాదు, లోహపు పైకప్పు కరెంటుని బయటి నుంచే నేలలోకి పంపేస్తుంది. మీరు చెప్పిన మర్రిచెట్టు కింద మాత్రం ఉండొద్దు, నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్డు కూడా పనికిరాదు. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి. వాన తగ్గింది కదా అని పది నిమిషాలకే బయటికొచ్చేవాళ్లని చూస్తే నాకు చాలా టెన్షన్.

---

తోటలోకాసేపు — గురువారం, ఉదయం 10:40

బాతులకి రొట్టె ముక్కలు వేయడం గురించి కూడా ఎవరైనా చెబుతారనుకున్నాను. మేం కూడా మొదట్లో వేసేవాళ్లం, పిల్లలకి అదే పెద్ద సంబరం. తర్వాత మానేశాం. వాటికి కడుపు నిండుతుంది గానీ కావలసిన పోషకాలు అందవు, మిగిలినవి నీళ్లలో కుళ్లుతాయి, గట్టుమీద గారు చెప్పిన ఆ పచ్చ పొరకి అదీ మేతే. పైగా మనుషుల చేతుల కోసం ఎదురుచూడటం అలవాటవుతుంది. ఇప్పుడు మా పిల్లలు ఒక సంచి తీసుకెళ్తారు. చెరువు గట్టున దొరికిన ప్లాస్టిక్ కవర్లు, చేపలు పట్టే తీగ ముక్కలు ఏరుతారు. ఆ తీగ పక్షుల కాళ్లకి చుట్టుకుంటే తీయలేం. నేను చెప్పి చేయిస్తున్నది కాదు, ఒకరోజు తీగ చుట్టుకుని కుంటుతున్న కొంగని మా పెద్దది చూసింది, అప్పటి నుంచి తనే మొదలుపెట్టింది.

---

శనివారంకోసం — శనివారం, రాత్రి 8:50

వెళ్లొచ్చాం. మీ అందరికీ వివరంగా చెప్పాలి.

పొద్దున్న కుదరలేదు, పాప లేవలేదు. సాయంత్రం నాలుగూ నలభైకి బయల్దేరి ఐదింటికల్లా బెంచీ దగ్గర ఉన్నాం. అత్తగారు చేతులున్న బెంచీ మీద కూర్చున్నారు, సంచులు కారులోనే వదిలేశాను. ఆవిడ మొదట "ఏముంటుందమ్మా ఇక్కడ" అన్నారు. పావుగంట తర్వాత చూస్తే పాపని ఒళ్లో పెట్టుకుని బుడుబుంగ మునిగినప్పుడల్లా ఇద్దరూ కలిసి లెక్కపెడుతున్నారు. అత్తగారి లెక్క కొంచెం నెమ్మది, పాప ఒప్పుకోలేదు, "నానమ్మా, త్వరగా" అంటోంది. అన్నింటికన్నా ఎక్కువ పంతొమ్మిది వచ్చింది.

నేనూ మా ఆయనా ఇరవై నిమిషాల వంతులు వేసుకున్నాం. మొదట ఆయనకి విచిత్రంగా అనిపించింది, గట్టుమీద గారి పోస్టు చదివి వినిపించాక మాట్లాడలేదు, ఫోను నాకిచ్చేశారు. బాబు నీటికాకిని చూసి "జ్వరం వచ్చిందేమో, ఎండ కాచుకుంటోంది" అన్నాడు. చెప్పేయబోయి ఆగాను. కాసేపటికి అది నీళ్లలోంచి వచ్చి మళ్లీ రెక్కలు చాపడం చూసి, "తడిసిందమ్మా!" అని పరిగెత్తుకొచ్చాడు. ఉత్తరం మూల వైపు పోలేదు. గేటు దగ్గర ఉండే ఆయనకి ఫొటో చూపించాను, అడిగి పై వాళ్లకి చెబుతానన్నారు.

రెండు గంటల పది నిమిషాలు ఉన్నాం. గేటు మూసే వేళయి లేవాల్సి వచ్చింది. దోమలు మాత్రం బాగా కుట్టాయి, తోటలోకాసేపు గారి మాట వినకుండా పాపకి పొట్టి చేతుల గౌను వేశాను.

లేచేటప్పుడు అత్తగారు అడిగారు, అవతలి గట్టు మీద ఇంకో బెంచీ కనిపిస్తోంది, అక్కడిదాకా ఎంత దూరం ఉంటుంది అని. నాకు తెలియదు. వచ్చే మంగళవారం ఆఫీసు నుంచి వస్తూ కొలిచి వస్తాను.

నీటిపిట్ట గారూ, రెల్లు పొదల దగ్గర ఒక బుడుబుంగ నాచు ముక్కలు ముక్కున పట్టుకుని ఒకే చోటికి మళ్లీ మళ్లీ తీసుకెళ్తోంది. అది గూడేనా?

---

నీటిపిట్ట — శనివారం, రాత్రి 9:20

గూడే అయ్యుంటుంది అండీ! నీళ్ల మీద తేలే గూడు కడుతుంది అది, కొట్టుకుపోకుండా రెల్లుకి ఆనించి. దగ్గరికి వెళ్లకండి, బెంచీ మీది నుంచే చూడండి. గుడ్లు పెడితే పిల్లలు రావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. గూడు వదిలి వెళ్లేటప్పుడు గుడ్ల మీద ఆకులు కప్పి వెళ్తుంది, అది చూడగలిగితే మీ అబ్బాయికి చూపించండి. ఇవాళ్టి తేదీ వాడి చేత పుస్తకంలో రాయించండి.